చుట్టాల సందు

డెల్ఫ్ట్ ఊరి హోటల్లో దిగిన తొలిరోజు మధ్యాహ్నం, కునుకు పట్టబోతుండగా గెజీన చెయ్యి సందులో పడింది.

పేరుకి జంట మంచమే, కానీ పరుపులు రెండు. వాళ్ళ ఎమ్డెన్ ఊళ్ళోనూ ఇంటింటా అంతే. ఆ రెండు పరుపుల నడుమ మిగిలే సన్నటి ఖాళీని అక్కడ ‘చుట్టాల సందు’ అంటారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పడుకోబెట్టే చోటని ఎవరో ఏనాడో వేళాకోళానికి పెట్టిన పేరు.

“చుట్టం ఎవరైనా తగిలారా?” అన్నాడు ఒన్నో, కళ్ళు తెరవకుండానే.

“నీ మొహం! పడుకో,” అంది గెజీన. చెయ్యి మాత్రం గబుక్కున తీసేసుకుంది. లోపల చల్లగా ఉంది మరి.

ఒన్నోకి అరవై మూడు, గెజీనకి యాభై ఎనిమిది. పెళ్ళై అయిదు నెలలు. పదకొండేళ్ళు పక్కింట్లో కాచుకు కూర్చుని దక్కించుకున్న మొగుడు. అతను పక్కన ఉంటే చాలు, ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. పొద్దున ఒక చర్చి చూడటం, కాలవ గట్టు మీద కాసేపు కూర్చోవడం, కడుపునిండా తినడం, ఆపైన రెండు గంటల నిద్ర. పరుగులు పెట్టడానికి మనమేమైనా కుర్రాళ్ళమా అనుకున్నారు.

ఏ ఊరి తర్వాత ఏ ఊరో రాసిపెట్టింది మాత్రం వీళ్ళు కాదు. ఒన్నో మొదటి భార్య తాల్కె. ఊపిరితిత్తుల జబ్బుతో రెండేళ్ళు మంచాన పడి, లేచాక మొగుడితో తిరుగుదామని ఒక్కో ఊరూ ముచ్చటపడి రాసుకుంది. లేవలేదు, పోయింది. ఆ కాగితమే పట్టుకుని వీళ్ళు బయల్దేరారు. సిగ్గులేదా అంటారా? “మంచి దారి, పారేయడమెందుకు?” అంది గెజీన. అదీ ఆవిడ మనసు.

రెండో ఊరు గెంట్‌లో సందు జానెడైంది.

గెజీన పనిమనిషిని పిలిచి పరుపులు దగ్గరికి నెట్టించింది. అయినా నమ్మకం చాలక, ఒన్నో బెల్టు తీసి రెండు పరుపుల కింది చెక్కబద్దలూ కలిపి బిగించి కట్టింది. కునుకు తీసి లేచేసరికి సందు మళ్ళీ జానెడు. బెల్టు చక్కగా చుట్ట చుట్టి ఆవిడ తలగడ మీద ఉంది.

“నువ్వే విప్పావా?”

“నేనెందుకు విప్పుతాను?” అన్నాడు ఒన్నో. అంటూ ఆవిడ వైపు చూడలేదు. సందులోకి చూస్తున్నాడు.

ఆవేళ గట్టున నడుస్తున్నప్పుడు కూడా అతను ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. ఇద్దరి మధ్యా మనిషి పట్టేంత చోటు వదిలి నడిచాడు. గెజీన పక్కకి జరిగితే తనూ జరిగాడు. ఏడుపొచ్చింది ఆవిడకి. ఇంత కష్టపడి తెచ్చుకున్న మనిషి చేజారిపోతాడేమోనని భయం పట్టుకుంది.

మూడో ఊరు బ్రూజ్. పొద్దుటినుంచీ ముసురు. ఆల్చిప్పల కూర తిని, బీరు తాగి, రెండున్నరకి పడుకున్నారు.

గెజీనకి మెలకువ వచ్చింది. కిటికీ అద్దాల మీద వాన. కింద రాళ్ళ వీధిలో గుర్రబ్బండి డెక్కల చప్పుడు దూరమైపోయింది. గది నిండా నీలగిరి తైలం వాసన. తాల్కె ఛాతీకి రాసే తైలం అది. రెండేళ్ళు ఆ ఇంటికి సాయానికంటూ వెళ్ళొచ్చిన గెజీనకి ఆ వాసన తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సందు మూరెడైంది. ఒన్నో అటే తిరిగి పడుకుని గుసగుసలాడుతున్నాడు.

“లేదు తాల్కె... నేను లేచాను. ఒట్టు. గెజీనే చొక్కా పట్టుకు లాగింది.”

సందులోంచి జవాబుగా ఊపిరి. తడితడిగా... పిల్లికూతలు కూస్తూ...

తాల్కె పోయిన ఆ రోజు కూడా మధ్యాహ్నమే. వంటింట్లో ఇద్దరూ టీ ముందు కూర్చున్నారు. గోడ అవతల తాల్కె చెంచాతో మంచాన్ని కొట్టింది. ఊపిరి అందనప్పుడు అలా కొట్టేది. ఒన్నో లేచాడు. “రోజూ ఉండేదేగా, కూర్చో,” అని గెజీన అతని చొక్కా పట్టుకుంది. నిజమే. కానీ కూర్చున్నదెవరు? చప్పుడు వినపడకుండా రేడియో పెంచిందెవరు? టీ తాగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

“సిగ్గులేని మనిషీ! రేడియో పెంచింది నేనా?” అని పైకే అనేసింది.

పిల్లికూతలు ఆగాయి. మధ్యలో పడుకుని ఎవరో ఇద్దరి మాటా వింటున్నారు.

“నువ్వు ఆపావు కాబట్టే...” అన్నాడు ఒన్నో.

“విదిలించుకుని వెళ్ళలేకపోయావా?”

“అసలు నువ్వు మా ఇంటికి రాకపోతే అది బతికుండేది!”

ఆ మాటతో గెజీన మనసు విరిగిపోయింది. పదకొండేళ్ళు ఎవరికోసం కాచుకుందో ఆ మనిషే తనని పట్టి అప్పగిస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు అతని పరుపు వాలింది. మెల్లగా... చప్పుడు లేకుండా... సందు వైపుకి. ఒన్నో భుజం దిగింది. మెడ దిగింది.

“గెజీనా... చెయ్యి... చెయ్యివ్వు...”

అతని వేళ్ళు ఆవిడ ముఖం ముందే ఉన్నాయి. అందుకోవచ్చు.

“నీ పెళ్ళాన్నే అడుగు,” అంది గెజీన.

వేళ్ళు దిగిపోయాయి.

పరుపులు కలుసుకున్నాయి. క్షణం తర్వాత గాని తనేమందో ఆవిడకి తెలిసిరాలేదు. కేకపెట్టి సందు వెతికింది. గోరు దూరే చోటు లేదు. పరుపులెత్తింది. కింద చెక్కబద్దలు, దుమ్ము. మంచం కింద అతని చెప్పులు కూడా లేవు.

జుట్టు విరబోసుకుని, కాళ్ళకి మేజోళ్ళతోనే మెట్లు దిగింది.

“మా ఆయన... మా ఆయన గదిలో లేడు! పోలీసుల్ని పిలవండి!”

బల్ల వెనకున్న గుమస్తా కంగారుగా లేచి పుస్తకం తిరగేశాడు.

“పన్నెండో నంబరు గదే కదండీ? ఇందులో ఇద్దరు ఆడవాళ్ళని ఉంది. నేనే రాసుకున్నాను. పొద్దున మీరూ ఆవిడా కలిసే వచ్చారు కదా?”

“ఏ ఆవిడ?”

అతను గెజీన భుజం మీదుగా వెనక్కి చూసి మర్యాదగా నవ్వాడు. ఆవిడకి ఎవరూ వచ్చిన చప్పుడు వినపడలేదు. వెనక్కి తిరిగే ధైర్యమూ లేకపోయింది.

ఏదో వింటున్నట్టు గుమస్తా కాసేపు తలాడించాడు.

“అలాగేనమ్మా,” అన్నాడు, ఆ వెనకవైపుకే. “మీ ఇద్దరికీ ఒక్క దుప్పటే వేయిస్తాను.”