పూసలో పోసిన ఏడాది

ఒకటో తరగతి గదిలో గోల మిన్నంటుతోంది. బడికి అది ఆఖరి రోజు. హైమవతి టీచరు మెడలోని ఈల ఎన్నిసార్లు ఊదినా వినే నాథుడు లేడు. ఆమె బల్ల మీద జ్ఞాపకపూసలు గుట్టపడుతున్నాయి. ఈ కాలంలో టీచర్లకు పెన్నులూ చీరలూ ఎవరిస్తున్నారు? పూసను కణతకు ఆనిస్తే మనసులోని ముచ్చట అందులోకి దిగుతుంది. పుచ్చుకున్నవాళ్లు ఆనించుకుంటే అది వాళ్లదైపోతుంది. ఇచ్చినవాళ్లకు ఇక గుర్తుండదు, తిరిగి రాదు. అందుకే గడుసు తల్లులు పిల్లల చేత ఏ పుల్లఐసు ముచ్చటో ఇప్పించి ఊరుకుంటారు.

"మళ్లీ పుల్లఐసేనా! నాకు జలుబు చేసేలా ఉందర్రా!" అంది టీచరు. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఓజస్వికి మాత్రం కాలు నిలవడం లేదు. "నేను చదవడం నేర్చుకున్నదంతా పోసేస్తానే," అని పక్కనున్న రుబీనా చెవిలో చెప్పింది. "చదవడం రాకపోతే రెండో తరగతికి పంపరుగా. వచ్చే ఏడాది కూడా మన టీచరే!"

రుబీనా నోరు తెరిచేలోగా ఓజస్వి పరుగెత్తింది. పూసను కణతకు అదిమి, టీచరు అరచేతిలో పెట్టేసింది.

టీచరు పూసను కణతకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఓజస్వి బడికొచ్చిన తొలిరోజు అది. గేటు పట్టుకుని ఏడుస్తున్నది తానే. ఎదురుగా కొండంత ఎత్తున ఉన్నదీ తానే! ఆ పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని మెడలోని ఈల తీసిచ్చింది. "గట్టిగా ఊదమ్మా. బడంతా నీ మాట వింటుంది." ఈల మోగింది, ఏడుపు ఆగింది. ఆ వెనకే అక్షరాలన్నీ ఆ గొంతుతోనే వచ్చాయి. టీచరు ఒళ్లు పులకరించింది. తానెప్పుడో మరిచిపోయిన పని అది!

"నా బంగారు తల్లీ!" అంటూ చేతులు చాచింది.

ఓజస్వి వెనక్కి తగ్గింది. "మీరెవరండీ? మా అమ్మేదీ?" అంటూ ఏడుపందుకుంది.

"మీ దగ్గరే ఉండాలని చదువంతా పోసేసింది టీచర్!" అంది రుబీనా ఏడుపు గొంతుతో.

పిల్ల ఒకటి తలిస్తే పూస ఒకటి తలచింది. చదువులోంచి టీచరును విడదీయడం దానికి తెలియదు. ఇద్దర్నీ కలిపి లాగేసింది.

టీచరు చాచిన చేతులు దించుకుంది. కానీ ఈ పిల్ల ఏడుపు ఎలా ఆగుతుందో ఇప్పుడు ఆమెకు తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని ఈల తీసిచ్చింది.

"గట్టిగా ఊదమ్మా. బడంతా నీ మాట వింటుంది."

ఈల మోగింది. గదంతా నిశ్శబ్దమైపోయింది. ఓజస్వి మొహం వెలిగిపోయింది.

"మీ పేరేంటండీ?"

"హైమవతి. వచ్చే ఏడాదంతా నీ టీచర్ని."