పది మిల్లీమీటర్లు

పొద్దున్నే ఒక ఆసామి డిటెక్టివ్ ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడు.

"కారు డ్రాయింగ్ షీటొకటి పోయిందండీ. పదకొండింటికి కారు ట్రాక్ ఎక్కాలి. ఈలోపు ఇంకేం చేస్తారోనని భయంగా ఉంది."

అతని నాన్న, బాబాయి కలిసి నడిపిన రేసుకార్ల కంపెనీ అది. ముప్ఫై ఏళ్ల కిందట ప్రమాదంలో రేసరు చనిపోవడంతో మూతపడింది. ఇప్పుడతను పాత నమూనాతోనే కారు కట్టించి కంపెనీ మళ్లీ తెరుస్తున్నాడు. నడపబోయేది ఆ రేసరు కూతురే.

డిటెక్టివ్ వెంటనే బయల్దేరింది. వెంట ఆవిడకి అసిస్టెంటుగా ఉన్న రిటైరైన హెడ్ కానిస్టేబుల్.

కంపెనీలో డ్రాయింగులు దాచే గది కిటికీ బార్లా తెరిచి ఉంది.

"దొంగ ఇటే వచ్చాడు మేడమ్," అన్నాడు హెడ్డు.

కిటికీ అంచుకి నిన్న సాయంత్రం వేసిన పెయింటు ఇంకా వేలికి అంటుకుంటోంది. దానిమీద గీత కూడా పడలేదు. హెడ్డు నాలిక్కరుచుకున్నాడు.

పోయింది ఒక్కటే షీటు, ముందు చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్‌ది. నేలకి ఆనుకున్న అట్టడుగు సొరుగులోది. సొరుగు ముందు దుమ్ములో స్టూలు కాళ్ల గుర్తులు.

షెడ్డులో ఫోర్‌మన్ గొంతుక్కూచుని బోల్టు బిగిస్తున్నాడు. రేసరు కూతురు నేలమీదే చతికిలబడి స్పానర్లు అందిస్తోంది.

"షీటు లేక పని ఆగిందా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఎందుకాగుతుందండీ? వారం కిందటే నకలు తీసుకున్నా. ముక్క చేసి బిగించేశాం కూడా. ఈ అమ్మాయికీ, మీ దగ్గరికొచ్చిన మా సారుకీ తెలుసు."

నకలు మీద మందం పద్నాలుగు మిల్లీమీటర్లు కొట్టేసి, పది అని దిద్ది ఉంది. పక్కన పొట్టి సంతకం. డిటెక్టివ్ ఫోర్‌మన్ చెవిలో ఏదో చెప్పింది.

బాబాయి ఆఫీసులో కుడికాలు చాపుకుని కూర్చున్నాడు.

"మోకాలు వంగదు, ఏమనుకోకండి. షీటు లేదుగా, కారు ఎలాగూ కదలదు. ఒకందుకు మంచిదే."

పదకొండింటికి డిటెక్టివ్ అందరినీ కారు దగ్గరికి పిలిచింది. రేసరు కూతురు ఇంజన్ స్టార్ట్ చేసింది.

"స్టీరింగ్ ఆర్మ్ లేకుండా ఎలా?" అన్నాడు బాబాయి.

"వారం కిందటే నకలు తీసి, ముక్క చేసి బిగించారు. మీకే తెలియదు. బయల్దేరమ్మా!"

బాబాయి చేతికర్ర వదిలేసి కారుకి అడ్డం పడ్డాడు.

"ఆపమ్మా! అది విరుగుతుంది!"

ఇంజన్ ఆగింది.

"ఫోర్‌మన్ చేత చక్రాలకి చెక్కలు పెట్టించాను, కదలదు," అంది డిటెక్టివ్. "కిటికీ తెరిచారుగానీ అందులోంచి ఎవరూ రాలేదు. అడుగు సొరుగు తియ్యడానికి స్టూలు కావలసింది మోకాలు వంగని మనిషికే. ముక్క తయారైందని తెలిసినవాళ్లు షీటు తీసుకుని ఏం చేస్తారు? తెలియంది మీకొక్కరికే. ఈ నకలు మీద సంతకం ఎవరిది?"

"బాబాయిదే," అన్నాడు అన్నకొడుకు.

ముసలాయన కారునే పట్టుకుని నిలబడ్డాడు.

"బరువు తగ్గుతుందని నేనే దిద్దాను. మలుపులో విరిగింది. రేసరు తాగి నడిపాడని చెప్పి తప్పుకున్నా. షీటు లేకపోతే కారు కట్టరనుకున్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు."

"మేడమ్, మీరు..." అని హెడ్డు మెచ్చుకోబోయి, ఆ అమ్మాయి ముఖం చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె హెల్మెట్ తీసి కిందికి దిగింది.

"మా నాన్న తాగలేదా?"

"లేదమ్మా."

ఆమె డిటెక్టివ్ చేతిలోని నకలు తీసుకుని, వెనక్కి తిప్పి బానెట్ మీద పరిచింది. హెడ్డు జేబులోంచి పెన్ను లాగి ముసలాయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పింది రాయండి."

రాశాడు. ఆ అమ్మాయి రెండుసార్లు చదువుకుని, మడిచి దాచుకుంది. తర్వాత ఫోర్‌మన్ వైపు తిరిగింది.

"ఆ ముక్క విప్పెయ్యండి. పద్నాలుగు పెట్టి చేయండి. నడుపుతాను."