వంతెన మీద మిగిలిన ఫలకం

తలుపు మీది గంట మోగగానే లోపలికి రావలసిన మనిషి గడపలోనే ఆగిపోయాడు. ఆ మోత పూర్తిగా చల్లారాక గాని అడుగు ముందుకు వెయ్యలేదు. ప్రైవేట్ డిటెక్టివ్ ఓరిన్ టాల్‌బట్ ఆ తటపటాయింపును చూసి ఊరుకున్నాడు. మనిషి తన సంగతి నోటితో చెప్పేలోపే ఒంటితో సగం చెప్పేస్తాడని ఆయన నమ్మకం.

వచ్చినవాడిని గుర్తుపట్టనివాళ్ళు యారన్‌డేల్ ఊళ్ళో లేరు. ఆయన క్లెమ్ ఆర్కెల్. ఇరవై ఏళ్ళకు పైగా ఆ నియోజకవర్గం తరఫున రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. ఆ ఏళ్ళన్నీ ప్రతిపక్షపు బల్లల మీదే గడిచాయి. ఈసారి పోటీ చెయ్యనని చలికాలంలోనే ప్రకటించాడు. శనివారం సాయంత్రం ఊరి హాల్లో ఆయనకు వీడ్కోలు విందు.

అసిస్టెంట్ నెల్ డ్రూరీ టీ తెచ్చి ఇచ్చింది. ఆయన కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడే గాని తాగలేదు.

"నన్ను దొంగంటున్నారు, ఓరిన్," అన్నాడు.

ఈ నెలలో ఊళ్ళో నాలుగు ఇత్తడి ఫలకాలు మాయమయ్యాయి. ఆసుపత్రిలో కిడ్నీ మిషన్ల గది దగ్గరిదొకటి, బడి ముందు బస్సు షెల్టర్‌దొకటి, ఫైర్ బ్రిగేడ్ షెడ్డుదొకటి, లైబ్రరీదొకటి. అన్నింటి మీదా ఒకటే పేరు: ప్రారంభించినవారు గౌరవనీయ లయనెల్ బీచమ్, ప్రజాపనుల శాఖ మంత్రి. బీచమ్ అవతలి పార్టీ మనిషి, పక్క నియోజకవర్గం వాడు. ఇప్పుడు పదవి వదిలేసి ఊరికి దూరంగా తన గొర్రెల ఫారంలో ఉంటున్నాడు. క్లెమ్ పేరు మాత్రం ఆ చుట్టుపక్కల ఏ గోడ మీదా లేదు. ప్రారంభోత్సవాల్లో ప్రతిపక్ష సభ్యుడికి దక్కేది రెండో వరసలో ఒక మడత కుర్చీ, చివర్లో టీతోపాటు జామ్ రాసిన ఒక స్కోన్ రొట్టె.

అందుకే ఊరు తేల్చేసింది. పోతూపోతూ ముసలాడు కుళ్ళు తీర్చుకుంటున్నాడని. క్లెమ్ స్థానంలో ఆయన పార్టీయే నిలబెట్టిన కుర్రవాడు గ్యారీ మెల్డ్రమ్ నిన్న ఇంటికొచ్చి మర్యాదగానే చెప్పాడట. "పెద్దాయనా, శనివారం మీరు రాకపోతేనే బాగుంటుంది. ఎన్నికల ముందు నాకీ తలనొప్పి ఎందుకు చెప్పండి."

"శనివారం లోపల వాడెవడో తేలితే హాలుకి వెళ్తాను. తేలకపోతే ఇల్లు అమ్మేసి టాస్మేనియాలో మా అక్క దగ్గరికి పోతాను. ఈ ఊళ్ళో తలెత్తుకోకుండా చచ్చేదాకా బతకలేను," అన్నాడు క్లెమ్.

ఆయన వెళ్ళిపోయాక నెల్ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. "ఆయన తీసి ఉంటాడంటారా సార్?"

"మనిషి దేన్ని దొంగిలిస్తాడన్నది కాదు నెల్, దేన్ని వదిలేస్తాడన్నది చూడాలి. పద."

ఆసుపత్రి గోడకు ఫలకం ఉన్నచోట పాత రంగు చదరంగా, లేతగా కనిపిస్తోంది. నాలుగు మూలలా నాలుగు చిల్లులు. నెల్‌కు ఆ గోడ బాగా తెలుసు. వాళ్ళమ్మ చివరి ఏళ్ళన్నీ ఆ గదిలోని మిషన్ పుణ్యమా అని బతికింది. అంతకు ముందు సిడ్నీ దాకా పోవలసివచ్చేది. లోపలికి వెళ్ళేముందు ప్రతిసారీ నెల్ ఆ ఇత్తడి మీది పేరును వేలితో ఒకసారి తాకేది. ఎవరూ చూడకుండా. ఆ సంగతి ఇప్పుడు చెప్పింది, కొంచెం సిగ్గుపడుతూ. టాల్‌బట్ నవ్వలేదు. చిల్లులో వేలు పెట్టి గోకి, గోటికి అంటిన తెల్లటి మైనాన్ని ఆమెకు చూపించాడు.

"పాత ఇత్తడి అమ్ముకునేవాడు గునపంతో పెకలిస్తాడు. కోపంతో చేసేవాడు గోడ కూడా పాడుచేస్తాడు. ఇతను మరలు ఒక్కొక్కటే విప్పి, చిల్లుల్లో కొవ్వొత్తి మైనం కూరాడు. ఎందుకంటావు?"

"మట్టి కందిరీగలు గూడు కట్టకుండా. మా పెరట్లో కుళాయికి కూడా అదే చేస్తాం."

"ఆ చిల్లులతో మళ్ళీ పనున్నవాడికే ఆ జాగ్రత్త," అన్నాడాయన.

మిగతా మూడు చోట్లా మైనమే. తర్వాత ఆయన కారును నది మీది కొత్త వంతెన వైపు పోనిచ్చాడు. అక్కడ బీచమ్ పేరుతో ఉన్న ఐదో ఫలకం ఎండకు మెరుస్తోంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నెల్‌కు ఇది అంతుపట్టలేదు. ఆ వంతెన కోసం క్లెమ్ శాసనసభలో గొంతు చించుకున్నాడని ఊరంతటికీ తెలుసు. పత్రికలో ఫొటోలు కూడా పడ్డాయి. కుళ్ళుతో తీసేవాడైతే ముందు దీన్నే కదా తీయాలి. కిడ్నీ మిషన్లు బీచమ్ దయ అనే ఊళ్ళో అందరూ అనుకుంటారు. దాన్ని తీసి దీన్ని వదలడమేమిటి?

టాల్‌బట్ ఆ ఫలకం మరలను వేలితో ఒకసారి తడిమి, కారును ఊరి హాలు వైపు తిప్పాడు.

ఊరి హాల్లో విందు కమిటీ అధ్యక్షురాలు థెల్మా వార్డ్‌ల్ స్పాంజ్ కేకులకు క్రీమ్ పూస్తోంది. టాల్‌బట్ ప్రశ్నలకు చేతులాపకుండానే జవాబులిచ్చింది.

"ఫలకాల దగ్గర ఎవరైనా తచ్చాడటం చూశావా?"

"ఎవరూ లేరు."

"ఎవరూ అంటే ఒక్కరు కూడానా?"

"బీచమ్ తప్ప. ఆయన్నేం లెక్కపెడతాం? గుడ్డముక్క, సంచీ పట్టుకుని ఊళ్ళోకి వచ్చి తన పేరు తనే తుడిచి మెరిపించుకుంటాడు. పెళ్ళి కాని పిల్ల అద్దం చూసుకున్నట్టు. అందరం నవ్వుకుంటాం."

"క్లెమ్ అంటే ఊరికి ఎందుకింత చిన్నచూపు?"

థెల్మా చేతిలోని కత్తి ఆగింది. "రైలు. మా బ్రాంచి లైను మూసెయ్యాలా వద్దా అని ఓటు పెట్టిన రోజు ఆయన సభలోనే లేడు. రెండు పక్షాలూ సమానమై, స్పీకర్ తన ఓటు ప్రభుత్వానికి వేశాడు. మావాడు ఒక్కడుంటే రైలు ఉండేది. ఎందుకు రాలేదయ్యా అంటే ఈరోజుకీ నోరు విప్పలేదు. మళ్ళీ మళ్ళీ గెలిపించాం గాని, రైలు తప్పిన క్లెమ్ అనే పేరు మాత్రం పోలేదు."

"ఆ రోజు ఇంకెవరైనా రాలేదా?"

ఆమె ఆలోచించింది. "బీచమ్ కూడా లేడనుకుంటా. కాని వాళ్ళు గెలిచారుగా, ఎవరడుగుతారు?"

ఆ సాయంత్రం టాల్‌బట్ క్లెమ్ ఇంటి వరండాలో కూర్చుని రెండే ప్రశ్నలు వేశాడు. మొదటిది వంతెన గురించి. క్లెమ్ ఇబ్బందిగా నవ్వాడు. "నేను అరిచేసరికే దాని మీద బీచమ్ సంతకం అయిపోయింది. పత్రికవాళ్ళ కోసం అరిచాను. నిజంగా కావలసినవి సభలో అరిస్తే రావు, ఓరిన్. టీ గదిలో పక్కన కూర్చుని అడిగితే వస్తాయి. మిషన్లూ, షెడ్డూ, లైబ్రరీ అలా వచ్చినవే."

"అలా అడిగావని ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. తెలిస్తే అతన్ని వాళ్ళ పార్టీవాళ్ళు బతకనిస్తారా?"

రెండో ప్రశ్న రైలు ఓటు గురించి. దానికి క్లెమ్ మొహంలో తలుపేదో మూసుకుంది. అదొక్కటీ అడగొద్దని, అది తన ఒక్కడిదే కాదని అన్నాడు. టాల్‌బట్ లేచి, శనివారం హాలుకి తప్పకుండా రమ్మని చెప్పి వచ్చేశాడు.

శనివారం విందుకు ముందు, హాలు పక్కనున్న చిన్న గదిలో కొద్దిమందిని కూర్చోబెట్టారు. క్లెమ్, గ్యారీ మెల్డ్రమ్, థెల్మా, పోలీసు సార్జెంట్ రఫ్, వాళ్ళతోపాటు లయనెల్ బీచమ్, ఆయన భార్య ఐరిస్. బీచమ్ మునుపటి మంత్రి ఠీవితోనే కాలు మీద కాలు వేసుకున్నాడు గాని, కాలి వేళ్ళు బూటులో కదులుతూనే ఉన్నాయి.

టాల్‌బట్ నిలబడే మాట్లాడాడు. చిల్లుల్లో మైనం పెట్టినవాడు ఫలకాలను మళ్ళీ బిగించాలనుకున్నాడు. అంటే అతనికి ద్వేషం లేదు. ఇక, ఏవి తీశాడు? ఊరంతా క్లెమ్ గెలుపు అనుకునే వంతెనను వదిలేశాడు. ఊరంతా బీచమ్ దయ అనుకునేవాటిని తీశాడు. క్లెమ్ చెవిలో అడిగి తెచ్చినవేవో, పత్రిక కోసం అరిచినదేదో అతనికి తెలుసు.

"ఆ తేడా ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అడిగినవాడికీ, అడిగించుకున్నవాడికీ," అన్నాడు టాల్‌బట్. "అడిగినవాడు నా దగ్గరికి వచ్చి, దొంగను పట్టుకోమన్నాడు. ఇక మిగిలింది ఒక్కరు. ఆయన పట్టపగలే సంచీతో వచ్చి మరలు విప్పుకున్నాడు. నలుగురూ నవ్వుకునే అలవాటు వెనక మనిషి ఎంత పనైనా చేసుకోవచ్చు. అంతేనా, మిస్టర్ బీచమ్?"

బీచమ్ గొంతు సవరించుకున్నాడు. "నా పేరున్న ఫలకం నేను తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందనుకున్నాను."

"అది ప్రభుత్వ ఆస్తి సార్," అన్నాడు సార్జెంట్, చాలా వినయంగా.

"క్లెమ్ మీద పడుతుందని నిజంగా తట్టలేదయ్యా. ఫారం దాకా ఈ కబురే రాలేదు. చెక్కేవాడు ఆలస్యం చేశాడు. ఈరోజు అందరి ముందూ పెడదామని..."

"ఎందుకు చేశారన్నది కూడా నేను ఊహించగలను," అన్నాడు టాల్‌బట్. "సభలో ఒక పద్ధతుంది. ఒక పక్షంలో ఒకరికి తప్పనిసరై రాలేకపోతే, అవతలి పక్షంలో ఒకరు మాట ఇచ్చి తానూ ఓటు మానేస్తాడు. జత కట్టడం అంటారు. రాతకోతలుండవు, మాటే. రైలు ఓటు రోజు రానివాళ్ళు ఇద్దరు. ఓడినవాడు రాకపోవడం ఊరు గుర్తుపెట్టుకుంది. గెలిచినవాడు రాకపోవడం మరిచిపోయింది. కాని ఆ తప్పనిసరి ఏమిటో చెప్పే హక్కు నాకు లేదు."

"లేదు. అది నాది," అంది ఐరిస్ బీచమ్.

ఆమె లేవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వంటల పోటీలో తీర్పు చెబుతున్నంత మామూలుగా మాట్లాడింది.

"ఆ రోజు పొద్దున నేను బతకదలచుకోలేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి లయనెల్ నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి లేకపోతే ఆ కళ్ళు మళ్ళీ మూసుకునేదాన్ని. దానికి మీ ఊరు రైలు పోగొట్టుకుందని నాకు ఈ చలికాలం దాకా తెలియదు. క్లెమ్ పోటీ మానుకుంటున్నాడని పేపర్లో చూసి ఈయన ఏడిస్తే, అప్పుడు అడిగితే చెప్పాడు. ఆ రోజు క్లెమ్ కారణమే అడగలేదట. 'సరే, నువ్వెళ్ళు' అన్నాడట. అంతే." ఆమె క్లెమ్ వైపు తిరిగింది. "తర్వాత నేను చాలా వేసవులు చూశాను, క్లెమ్. మనవరాళ్ళకు ఈత నేర్పాను. అవన్నీ నువ్విచ్చినవే."

థెల్మా ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. అన్నేళ్ళూ ఆ ఎగతాళి పేరును ఎక్కువగా వాడింది తనేనని ఆమె మొహమే చెబుతోంది.

బీచమ్ కారులోంచి సంచీ తెచ్చి నాలుగు ఫలకాలనూ బల్ల మీద బోర్లించాడు. నున్నగా ఉన్న వెనక వైపు కొత్త అక్షరాలు చెక్కించి ఉన్నాయి. కోరి తెచ్చినవారు క్లెమ్ ఆర్కెల్, శాసనసభ్యులు. ఇకమీదట ఈ వైపే బయటికి వస్తుంది. బీచమ్ పేరు గోడకు ఆనుకుని ఉంటుంది.

క్లెమ్ వాటిని ఒక్కొక్కటే చదివి, బస్సు షెల్టర్‌ ఫలకం దగ్గర ఆగాడు. "ఒరేయ్ లయనెల్, ఇది నేను అడగలేదురా. పిల్లలు వానలో తడుస్తున్నారని ఊరికే అన్నాను."

"నువ్వు ఊరికే అన్నవి కూడా వింటూనే ఉండేవాణ్ణి లేరా," అన్నాడు బీచమ్.

మెల్డ్రమ్ లేచి తడబడుతూ ఏదో మొదలుపెట్టాడు. క్లెమ్ అతని భుజం తట్టి, ప్రసంగాలు సభకి దాచుకోమన్నాడు. నెల్ దగ్గరికి వచ్చి కిడ్నీ మిషన్ల ఫలకం మీద కొత్త పేరును వేలితో తాకింది. ఈసారి అందరూ చూస్తుండగానే. తరువాత వాళ్ళమ్మ పేరు చెప్పింది. క్లెమ్‌కు ఆవిడ గుర్తుంది. సిడ్నీ రైల్లో ఎదురు సీటులో దిండు పెట్టుకుని కూర్చునేదట. ఆవిడను చూశాకే టీ గదిలో ఆ మాట ఎత్తాడట.

హాల్లో కుర్చీలు నిండాయి. థెల్మా వెళ్ళి విందు గంట మోగించింది.

క్లెమ్ గడప దగ్గర ఠక్కున ఆగిపోయాడు. మొదటిరోజు ఆయన తన ఆఫీసు గడపలో ఎందుకు ఆగాడో టాల్‌బట్‌కు అప్పుడు పూర్తిగా తెలిసింది. సభలో ఓటుకు పిలిచే గంటలు మోగుతుంటే, అవి ఆగి తలుపులకు తాళం పడేదాకా, ఇచ్చిన మాట కోసం వసారాలో నిలబడిపోయిన మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

బీచమ్ ముందుకు నడిచి, రెండు తలుపులనూ బార్లా తెరిచి, భుజంతో ఆనించి పట్టుకున్నాడు.

"రారా, నువ్వొచ్చేదాకా ఎవడూ మూయడు," అన్నాడు.

గంట ఇంకా మోగుతూనే ఉంది. క్లెమ్ లోపలికి నడిచాడు.