హుల్డా నడిచే నేల

ఆ ముసలామె చూపు పోగొట్టింది మీరే. స్టూడియో యజమానులారా, మీరే. "ఇంకొక్క పది నిమిషాలు" అంటూ గంటలకు గంటలు లాగిన కెమెరా దొరలూ, మీరే. కళ్లు మండి నీళ్లు కారుతుంటే చుక్కల మందు వేసి మళ్లీ ఆ దీపాల కిందికే తోలిన స్టూడియో డాక్టర్లూ, మీరే. చచ్చిపోయిన తార ఇంటికి టికెట్టు పెట్టబోతున్న స్మారక సంస్థ వాళ్లు కూడా ఏం తక్కువ తినలేదు. తెర మీద వెలుగు చూసి మురిసిపోయాం గానీ, ఆ వెలుగును ముందుగా ఎవరి ముఖం మీద సరిచూశారో మనం మాత్రం ఎప్పుడు అడిగాం?

సినిమా తార లెనోర్ వేల్ పోయి ఆరు వారాలైంది. మొన్న సోమవారం పొద్దున కూడా, లాస్ ఏంజెలెస్‌లో కొండ మీదున్న ఆమె ఇంట్లో ఎప్పటిలాగే ఏడింటికి కాఫీ వాసన వచ్చింది. కాచింది హుల్డా. లెనోర్‌కి సొంత అక్క. ఎనభై రెండేళ్లు. రెండు కళ్లూ కనిపించవు. అయినా ఒలకకుండా కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది.

బల్ల దగ్గర కూర్చున్నది లెనోర్ కూతురు జోసెలిన్. నలభై ఆరేళ్ల మనిషి, బేకర్స్‌ఫీల్డ్‌లో మందుల షాపులో పని. తల్లి పోయిన రోజు నుంచి ఆమెకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర ఫోటోలవాళ్లు ఆమె ఏడుపు కోసం కెమెరాలు ఎత్తిపట్టుకుని నిలబడి నిలబడి చివరికి దించేశారు. తిండి తింటోంది, నిద్రపోతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. లోపల మాత్రం పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు ఇంకా దిగనట్టే ఉంది.

"తాగవే. చల్లారిపోతోంది."

"తాగుతున్నా పెద్దమ్మా."

"అబద్ధం. కప్పు ఎత్తిన చప్పుడు లేదు."

జోసెలిన్ కప్పు ఎత్తింది. "గౌన్లన్నీ సర్దుకున్నావా? మూడింటికి పసడీనా నుంచి కారొస్తుంది."

"రెండు సర్దాను. చాలు. అక్కడ నన్ను చూసేదెవరు, నేను చూసేదెవరిని?"

పసడీనాలో ఉన్నది వృద్ధుల వసతిగృహం. సంగతేమిటంటే, లెనోర్ తన ఇంటిని వీలునామాలో స్మారక సంస్థకు రాసింది. ఇంట్లో కూతురికీ వాటా ఉంది కాబట్టి ఆమె సంతకం పెడితేనే అది చెల్లుతుంది. ఆ సంతకం ఆరోజు పది గంటలకు. సంస్థ వాళ్లు ఇంటిని పాత పత్రికల్లో అచ్చయిన ఫోటోల్లో ఉన్నట్టే తీర్చిదిద్ది చూపిస్తారట. హుల్డా పడుకునే గదిలో బొమ్మలూ పోస్టుకార్డులూ అమ్మే కొట్టు పెడతారట. వీలునామాలో హుల్డా పేరు లేదు. ఎందుకు లేదని జోసెలిన్ లాయర్ని అడగలేదు. అడిగే ఓపిక లేదు.

పేరు లేకపోవడం హుల్డాకు కొత్త కాదు. పాతికేళ్లు ఆమె చెల్లెలికి బదులు నిలబడింది. తార ముస్తాబు చేసుకుంటుంటే, అదే ఎత్తు, అదే జుట్టు రంగు ఉన్న మనిషిని దీపాల కింద నిలబెడతారు. ఆ ముఖం మీద నీడలు సరిచేసుకుంటారు. అంతా కుదిరాక ఆ మనిషి పక్కకు తప్పుకోవాలి. తార వచ్చి, నేల మీద టేపుతో వేసిన గుర్తు దగ్గర నిలబడి, నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతుంది. రంగుల సినిమాలకు వాడిన కార్బన్ దీపాలైతే సూర్యుణ్ణి తెచ్చి ముక్కు ముందు పెట్టినట్టే. ఇరవై మూడు సినిమాలు. ఒక్క సినిమాలోనూ హుల్డా క్రాంట్జ్ అనే పేరు పడలేదు.

ఆ ఇంట్లోనూ నేల మీద టేపు గుర్తులున్నాయి. పొయ్యి దగ్గర ఒకటి, తలుపు దగ్గర ఒకటి, మెట్ల ముందు రెండు. హుల్డా చెప్పులు వేసుకోదు. అరికాలికి టేపు అంచు తగిలితే చాలు, ఎక్కడుందో తెలుసుకుంటుంది.

పది కొట్టకముందే సంస్థ కార్యదర్శి పెల్‌హామ్ దిగాడు. మెడకు సీతాకోకచిలుక లాంటి టై, చేతిలో తోలు సంచి. వెనకాల ఇద్దరు పనివాళ్లు ఒక పెద్ద దీపపు స్తంభమూ కొలత టేపూ మోసుకొచ్చారు. కాగితాలు బల్ల మీద పెట్టాడో లేదో, హాల్లో నేల మీద గుర్తు చూసి గుడిలో అడుగుపెట్టినవాడిలా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఇదేనండీ! దీని కోసమే మా సంఘమంతా ఎదురుచూస్తోంది. లెనోర్ గారు ఇంట్లో కూడా అడుగులు సాధన చేసేవారన్నమాట! ప్రతి గుర్తు మీదా మందపాటి గాజు పలక వేయిస్తాం. చుట్టూ తాడు కడతాం. ఎవరి కాలూ పడకూడదు."

వంటగది గుమ్మంలోంచి హుల్డా గట్టిగా నవ్వింది. "అయ్యా పెద్దమనిషీ, పాయిఖానా దాకా ఏడు గుర్తులున్నాయి. అక్కడ ఏ సీను సాధన చేసిందంటారు మా చెల్లెలు?"

పనివాళ్లలో ఒకడికి నవ్వు ఆగక దగ్గు వచ్చింది. పెల్‌హామ్ ముఖం ఎర్రబడింది. "అంటే... ఇవి ఆవిడవి కావా?"

"అవి నా కాళ్లకి. నేను నడవడానికి."

సరిగ్గా అప్పుడే రెండో పనివాడు కొలతలు సరిగా కనబడాలని దీపం వేశాడు. టక్కుమన్న చప్పుడూ, ముఖానికి తగిలిన వేడీ. హుల్డా మాట మధ్యలోనే ఆగిపోయింది. గడ్డం కొంచెం పైకెత్తి, ఎడమ భుజం వెనక్కి లాగి, ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆమె ఎదురుచూస్తున్నది "ఇక చాలు" అనే మాట కోసమని అర్థమవడానికి జోసెలిన్‌కి అంతసేపు పట్టింది.

"చాలు పెద్దమ్మా. దీపం ఆర్పవయ్యా నువ్వు!"

హుల్డా భుజం దించింది. "అలవాటే" అంది సిగ్గుపడుతూ.

జోసెలిన్ కలం పట్టుకుంది. మూత తీసింది. సంతకం పెట్టలేదు. "ఆ టేపు ఎవరు అతికించారు?"

"సంతకం కానీవే. ఆయనకి ఆలస్యమవుతోంది."

"నువ్వే అతికించుకున్నావా?"

"కళ్లు లేనిదాన్ని, గీత వంకరో తిన్నగానో నాకేం తెలుస్తుంది? మీ అమ్మ అతికించింది."

జోసెలిన్ నవ్వింది. వినడానికి బాగోని నవ్వు. "మా అమ్మా? నేల మీద కూర్చునా? నాకు ఆరేళ్లప్పుడు బూటు తాడు కట్టమంటే గౌను నలుగుతుందని నిన్ను పిలిచింది. నన్ను పెంచింది నువ్వు, బడికి పంపింది నువ్వు, జ్వరమొస్తే పక్కన పడుకున్నది నువ్వు. ఆవిడ పక్కన నేను కూర్చున్నదల్లా పత్రికలవాళ్లు ఫోటో తీసేటప్పుడే. ఇప్పుడు పోయింది కదాని ఆవిడ మంచిదని చెప్పకు పెద్దమ్మా. నాకు వినాలని లేదు."

"మంచిదని నేనన్నానా? టేపు అతికించిందన్నాను."

"నీ కళ్లు తిన్నది కూడా ఆవిడే."

"అవును." హుల్డా కుర్చీ తడుముకుని కూర్చుంది. "ఆ మాట తనకీ తెలుసు. పూర్తిగా చూపు పోయిన ఏడాది, ఒక వారం రోజులు నేను గదిలోంచి బయటికే రాలేదు. ఒక పొద్దున హాల్లో ఏదో పడ్డ చప్పుడు. ఏంటే అని కేకేస్తే పలకదు. వచ్చి తడిమి చూస్తే, మీ అమ్మ కళ్లకి రుమాలు కట్టుకుని, వట్టి కాళ్లతో ఇల్లంతా నడుస్తోంది. ఎక్కడ గుద్దుకుంటే అక్కడ ఆగి, కూర్చుని, టేపు వేస్తోంది. మూడు వారాలు అదే పని. డెబ్భై ఐదేళ్లు దానికి. మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి."

"నీకేం చెప్పింది?"

"ఏం చెబుతుంది? నన్ను నిలబెట్టి 'ఇక్కడ సరిగ్గా ఉందా హుల్డా? ఇంకో అంగుళం ఎడమకి జరపనా?' అనేది. స్టూడియోలో దీపాలవాడు నన్నెట్లా అడిగేవాడో అట్లాగే. క్షమించమని అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. అరిగిన టేపు ప్రతి నెలా తనే మార్చేది. తను చనిపోయే నెల దాకా."

పెల్‌హామ్ గొంతు సవరించుకున్నాడు. అతనికేసి ఎవరూ చూడలేదు.

జోసెలిన్ బూట్లు విప్పింది, మేజోళ్లు కూడా. కళ్లు మూసుకుంది. బల్ల దగ్గర నుంచి నాలుగడుగులు వేసేసరికి అరికాలికి టేపు అంచు తగిలింది. అక్కడ కుడికి తిరగాలి. తిరిగింది. మరో ఆరడుగులు, మరో గుర్తు. గోడ మూల తన తుంటికి తగలాల్సిన చోట, తగలలేదు. ఆ మూలకు ఎవరి తుంటి తగిలిందో, ఎవరు అక్కడ ఆగి కింద కూర్చున్నారో ఆమె ఊహించుకోబోయింది. తెర మీది ముఖం రాలేదు. వాచిన రెండు మోకాళ్లు మాత్రం కనిపించాయి.

కళ్లు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. బాధ కలిగిందో లేదో ఆమెకే తెలియలేదు. నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి, ఎవరో కుళాయి కట్టెయ్యడం మరిచిపోయినట్టు. ఆమె వచ్చి హుల్డా ఒళ్లో తల పెట్టింది. హుల్డా ఆ తడి చేత్తో తడిమి చూసి, "ఇన్నాళ్లకు తగలడ్డావా" అని తల నిమిరింది.

కాసేపటికి జోసెలిన్ లేచి ముఖం తుడుచుకుంది. "పెల్‌హామ్ గారూ, నేను సంతకం పెట్టను. పెద్దమ్మ ఈ ఇంట్లోనే ఉంటుందని మీరు రాసిచ్చేదాకా పెట్టను."

"అమ్మా, కొంచెం ఆలోచించండి. కరపత్రాలు అచ్చయిపోయాయి. ఒక పెద్దావిణ్ణి లోపల పెట్టుకుని మేం ప్రదర్శనశాల ఎలా నడుపుతాం?"

"ఆవిడ కొత్త చోట పది అడుగులు వేస్తే పడిపోతుంది. ఈ భూమ్మీద ఆవిడ నడవగలిగింది ఈ నేల ఒక్కటే. మీ ప్రదర్శన ఎలా నడపాలో మీరు చూసుకోండి."

"నన్ను ఎవరూ అడగరేం?" అంది హుల్డా. "ఇదిగో అబ్బాయ్, ఆ గాజు మాత్రం వద్దు. కాలు జారుతుంది. టికెట్టు కొన్నవాళ్లని రానియ్, నాకేం అభ్యంతరం లేదు. వాళ్లకి కాఫీ మాత్రం నేను కాయను."

పెల్‌హామ్ కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. శుక్రవారం పది గంటలకు సంస్థ పాలక సంఘం కూర్చుని తేలుస్తుందని చెప్పి వెళ్లాడు. మూడింటికి పసడీనా కారొచ్చింది. జోసెలిన్ దాన్ని ఖాళీగా తిప్పి పంపింది. ఆ తర్వాత ఊళ్లోకి దిగి గుడ్డ టేపు నాలుగు చుట్టలు కొనుక్కొచ్చి, మెట్ల దగ్గర ఊడిపోయిన గుర్తు ముందు కూర్చుంది.

"ఇక్కడేనా పెద్దమ్మా?"

"ఇంకొంచెం ఎడమకి. మీ అమ్మకంటే చేతకానిదానివే నువ్వు."

ఇక శుక్రవారం. సంఘం పెద్దలారా, ఆలోచిస్తాం, పరిశీలిస్తాం అనే కబుర్లు వద్దు. హుల్డా క్రాంట్జ్ బతికున్నంతకాలం ఆ ఇంట్లోంచి ఆమెను ఎవరూ కదపరాదని కాగితం మీద రాయండి. ఆమె గది ఆమెకే వదలండి. నేల జోలికి పోకండి. స్టూడియోల వాళ్లారా, ఆ ఇరవై మూడు సినిమాలు మళ్లీ ఎక్కడ ఆడినా ఆమె పేరు తెర మీద వేయండి. ఆమెలా నిలబడి కళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకెందరున్నారో వెతికి, వాళ్ల వైద్యం మీరు చేయించండి. టికెట్టు కొనబోయే జనమా, ఆ కాగితం మీద సంతకం పడిందో లేదో గేటు దగ్గర అడగండి. పడలేదంటే లోపలికి పోకండి.

శుక్రవారం పది గంటలు. అప్పటిలోగా రాసివ్వండి.