లైవ్ లేని వాకౌట్

పరాయి దేశంలో ఒక హోటల్. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల పెద్దోడు గోడకి చేరగిలబడి ఉన్నాడు, గుండెల్లో రెండు బులెట్లతో. ముందురోజే ఇక్కడ, మన దేశంలో, నిండు సభలో భద్రతా మంత్రి ప్రతిపక్షాన్ని దెప్పుతూ, "మీ హయాంలో పంపిన గూఢచారి వీడేగా!" అని పెద్దోడి అసలు పేరు చదివి పడేశాడు. సొంత పార్టీవాళ్ళు బల్లలు విరిగేలా చరిచారు.

తమ్ముడు చిన్నోడిదీ అదే డిపార్ట్‌మెంట్. ఆరోజు నుంచి వాడికి తిండి సయించడం లేదు. ఆ మంత్రి పీక పిసకాలి, అంతే!

"పిసుకుదువుగానిలే," అన్నాడు బాస్, బ్రీఫింగ్ రూమ్ తలుపు మూస్తూ. "ముందు మిషన్ విను. మన ఏజెంట్ల ఫైళ్ళన్నీ ఒక ప్రైవేట్ కంపెనీకి అప్పగించే బిల్లు ఇవాళ సభకొస్తోంది. కంపెనీ వెనకున్నది సెంటుదొర."

సెంటుదొర అంటే పెద్దోణ్ణి చంపించిన విదేశీ ముఠా నాయకుడు. మనిషికంటే ముందు సెంటు వాసన గదిలోకొస్తుంది.

"పాసైతే బయటున్న మనవాళ్ళందరికీ మీ అన్న గతే."

"ఎంపీలని కొన్నాడా?"

"ఎందుకు దండగ? పాలకపక్షంలో కొందరు మంచం పట్టారు. ఓటింగ్ జరిగితే బిల్లు పోతుంది. అందుకని మంత్రి లేచి ప్రతిపక్ష నాయకుడి తండ్రిని ఒక మాటంటాడు. వాళ్ళు వాకౌట్ చేస్తారు. ఖాళీ బెంచీల ముందు బిల్లు పాస్!"

"ప్రతిపక్షానికి చెప్పేద్దాం సార్."

"గంటలో ప్రెస్‌మీట్ పెట్టి నీ పేరు కూడా చదువుతారు. పాలకపక్షానికి చెప్పామా, ప్రతిపక్షం కుట్ర అంటారు. సభ దగ్గర మన డబుల్ ఏజెంట్ ఉంది, సెంటుదొర మనిషిలా నటిస్తోంది. కోడ్ 'గొడుగు తెచ్చారా?'"

అతికించిన మీసం, సభకి కాపలా కాసే మార్షల్ యూనిఫామ్‌తో చిన్నోడు సభ మెట్లెక్కాడు. టీవీలకి లైవ్ పంపే ఓబీ వ్యాన్ దగ్గర్నుంచి ఎర్రచీర, నల్లకళ్ళద్దాలతో మెరిసిపోతున్న టీవీ యాంకర్ ఎదురొచ్చింది.

"గొడుగు తెచ్చారా?"

చిన్నోడికి ఒళ్ళు మండిపోయింది. "నువ్వా వదినా! అన్న పోయిన నెలకే ఆ సెంటుదొరతో విందులు తిన్నావు, సిగ్గులేదూ?"

"తిన్నాను. ప్రతి ముద్దా విషంలా మింగాను." చెవి దుద్దు తీసి చూపించింది. "ఇందులో మైక్ ఉంది. వాళ్ళ మాటలన్నీ పట్టాను. నన్ను తర్వాత తిడుదువుగాని అబ్బాయ్, ముందు లోపలికి నడు."

లోపల మంత్రి అనాల్సిన మాట అననే అన్నాడు. ప్రతిపక్షం భగ్గుమంది. కాగితాలు చించి, నినాదాలిస్తూ అందరూ బయటికి నడిచారు. పైన సందర్శకుల గ్యాలరీలో సెంటుదొర కాలుమీద కాలేసుకున్నాడు.

"బిల్లుకి అనుకూలమైనవారు 'అవును' అనండి," అన్నాడు స్పీకర్.

"అవును!"

చిన్నోడు కాలర్ మైక్‌లో గొణిగాడు. "వదినా, ఇప్పుడే!"

బయట వ్యాన్‌లో వదిన స్విచ్ నొక్కగానే కెమెరాల ఎర్రలైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇయర్‌పీస్‌లో ప్రతిపక్ష నాయకుడి గొంతు వినబడింది.

"ఏమ్మా, లైవ్ వెళ్తోందా?"

"లేదండీ. ఒక్క కెమెరా కూడా పనిచెయ్యడం లేదు."

"మరి ఈ ఎండలో ఎవడికోసం అరుస్తున్నాం? పదండయ్యా, లోపల ఏసీ అయినా ఉంది."

"వ్యతిరేకులు 'కాదు' అనండి." స్పీకర్ సుత్తి ఎత్తాడు. అది బల్లకి తగిలేలోపే తలుపులు ధడాలున తెరుచుకున్నాయి.

"కాదు! ఓటింగ్ పెట్టాల్సిందే!"

ఒక్క ఓటు తేడాతో బిల్లు కుప్పకూలింది. ఆ వెంటనే సభలోని తెరలన్నీ వెలిగి, వదిన దుద్దు పట్టిన మంత్రి గొంతు వినిపించింది. "ఆ గూఢచారి పేరు సభలో ఊరికే చదివాననుకున్నారా దొరా? మిగతావాళ్ళనీ మీ చేతిలో పెడతాను."

గ్యాలరీలో బాస్ మనుషులు సెంటుదొరని ఒడిసిపట్టారు. మంత్రి వెనక తలుపువైపు పరుగెత్తాడు. అక్కడ చిన్నోడున్నాడు. మంత్రిని గోడకేసి కొట్టి, పీక పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ కలగన్న పీక! వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

"చంపకు అబ్బాయ్," అంది వదిన ఇయర్‌పీస్‌లో. "ఇక రోజూ కోర్టులో వాడి పేరు పిలుస్తారు. నేను ముందు వరసలో కూర్చుని వింటాను."

చిన్నోడు పళ్ళు కొరుకుతూ మంత్రి చేతులకి సంకెళ్ళు వేశాడు.

"ఎవరి పార్టీవాడివిరా నువ్వు?" మంత్రి గింజుకున్నాడు.

"చచ్చిపోయినవాడి పార్టీ!"

వెనకే పరుగెత్తుకొచ్చిన పాలకపక్ష నాయకుడూ ప్రతిపక్ష నాయకుడూ ఆ మాట విని చప్పున ఆగారు. బట్టలు సర్దుకుని, ఇద్దరూ ఒక్కసారే, చాలా మర్యాదగా అడిగారు.

"మీకు ఓట్లెన్నుంటాయండీ?"