తాకుతున్నవి: మూడు వేలు

"చిటికెన వేలికి చలివేసె... ఉంగరపు వేలు దుప్పటి తెచ్చె... నడిమి వేలు..."

ఆ పైముక్క అమ్మమ్మకు గుర్తు రాలేదు. చిన్నప్పటి పాట మరి. పొద్దుటి నుంచీ ముసురు, చీకటి పడినా వదల్లేదు. ఆవిడ కిటికీ పక్కన కూనిరాగం తీస్తుంటే, బల్ల దగ్గర మనవరాలు లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది.

పాత సామాన్ల కొట్లో కొన్నది. తెలుగులో నడిచే లినక్స్ వేయించింది. రేపు పొద్దున అందులోనే టైపింగ్ పరీక్ష, గట్టెక్కితే ఉద్యోగం. తీరా చూస్తే బాణం గుర్తు కుదురుగా ఉండదు, బెల్లం చుట్టూ ఈగలా తెరంతా తిరుగుతోంది.

"టచ్‌ప్యాడ్ సెట్టింగులు మార్చాలి. నువ్వు చదివిపెట్టు అమ్మమ్మా."

ఆవిడకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. తెలుగు కనబడితే చాలు, కూడబలుక్కుని చదవందే ఊరుకోదు.

"తట్టితే... నొక్కినట్టు. టైపు చేసేటప్పుడు... ఆపు."

"రెండూ పెట్టేశా. ఇంకా?"

"తాకుతున్నవి... మూడు వేలు. అమ్మో, మూడు వేలే!"

మనవరాలు పకపకా నవ్వింది. "మూడు వేళ్ళు అమ్మమ్మా! టచ్‌ప్యాడ్ మీద ఎన్ని వేళ్ళున్నాయో చెబుతోంది. ఎవడో తెలుగు రానివాడు రాసి చచ్చాడు."

"మరి నీ రెండు చేతులూ జుట్టు ముడేసుకుంటున్నాయి కదే?"

నవ్వు ఆగిపోయింది.

"తడి తగిలిందేమోలే" అంటూ మనవరాలు టచ్‌ప్యాడ్ నల్లటి పలకను చున్నీతో తుడిచింది. చున్నీకి పసుపుపచ్చని జిడ్డు అంటింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ చెమర్చింది. చీము పట్టిన పుండుకు కట్టు విప్పినప్పటి కంపు గదంతా కమ్ముకుంది.

"టచ్‌ప్యాడే ఆపేస్తా." ఆపేసింది.

బాణం ఆగలేదు.

తాకుతున్నవి: నాలుగు వేలు.

నల్లటి పలక మధ్యలో చర్మంలా ముడత పడింది. అంచు సందులోంచి సన్నగా, తెల్లగా ఏవో పాకుతూ వచ్చాయి... ఒకదాని మీద ఒకటి, మెత్తగా, తడితడిగా. పురుగులేమో అనుకుని అమ్మమ్మ వంగి చూసింది.

పురుగులకు గోళ్ళుండవు.

"వాడు..." మనవరాలు చెయ్యి వెనక్కి లాక్కుంది. "వాడు సరిగ్గానే రాశాడు అమ్మమ్మా."

తాకుతున్నవి: తొమ్మిది వేలు.

పిల్ల దభాలున మూత వేసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ముసురు చీకటి. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. చప్పరిస్తున్నట్టు మెత్తటి చప్పుడు... బల్ల మీద... తర్వాత నేల మీద...

"కదలకు తల్లీ, వెలుతురు తెస్తా." అమ్మమ్మ గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఒక చేతికి కొవ్వొత్తి, ఇంకో చేతికి అగ్గిపెట్టె దొరికాయి. వెనక గదిలో చప్పుడు ఆగిపోయింది.

"భయపడుతున్నావా?" అంది, అక్కడి నుంచే.

మనవరాలు నెమ్మదిగా జవాబిచ్చింది. ఆ పిల్ల నోట ఆవిడ విన్న ఆఖరి మాట అదే.

"లేదులే... నా చెయ్యి నువ్వు పట్టుకున్నావుగా అమ్మమ్మా."