తువ్వాలు పడేదాకా

విజయనగరం ఊరి చివర, మూతపడిన గోనెసంచుల గోడౌను వెనక ఒక రేకుల షెడ్డుంది. సెకండ్ షో వదిలాక ఆ దారిన రమ్మంటే ఏ ఆటోవాడూ రాడు. బతిమాలినా రాడు.

దెయ్యమన్నాక మల్లెపూల వాసనో గజ్జెల చప్పుడో ఉండాలి కదా. ఈ దెయ్యానికి అలాంటి సోకులేం లేవు. గుద్దుతుంది, అంతే. ధబ్... ధబ్... ధబ్... చీకట్లో ఎవరో గోనె బస్తాని గుద్దుతున్నట్టు. మొదలైతే ఇక ఆగదట. పక్క వీధి జగ్గమ్మ ఆ చప్పుడు విని జ్వరంతో మంచం పట్టిందని చెప్పుకుంటారు. ఆవిడ ఊరికే కూడా మంచం పడుతుంది, అది వేరే సంగతి.

ఆ చప్పుడు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికంటే బాగా నరసింగరావు మేస్టారికి తెలుసు.

ఒకప్పుడది ఆయన బాక్సింగు నేర్పిన షెడ్డు. గోనె బస్తాలో ఇసుకా పాత చీరలూ కుక్కి దూలానికి వేలాడదీశాడు. కుర్రాళ్ళంతా దాన్నే గుద్దేవాళ్ళు. షెడ్డుకి ఒకటే చట్టం — మేస్టారి భుజం మీది తువ్వాలు వచ్చి మీద పడేదాకా చెయ్యి ఆపకూడదు. కళ్ళు తిరిగినా సరే.

ఆ చట్టాన్ని ప్రాణంగా పట్టుకున్నవాడు ఎజ్రా. భావనపాడు కుర్రాడు, వలలు లాగిన భుజాలు. వాడి గుద్దు గొప్పదేం కాదు. గుద్దులు తినడంలోనే వాడి గొప్ప. ఎదుటివాడు కొట్టి కొట్టి అలిసిపోవాల్సిందే తప్ప వీడు పడడు. దవడ మీద తగిలితే నవ్వేవాడు. డొక్కలో తగిలితే ఇంకో అడుగు ముందుకేసేవాడు. అందుకే వాడికి బండ ఎజ్రా అని పేరొచ్చింది. “మా బండ పడడ్రా!” అని పదిమందిలో చెప్పుకోవడం నరసింగరావుకి పొద్దుటి కాఫీకంటే ఇష్టం.

శ్రీకాకుళంలో పెద్ద పోటీ. మూలన నిలబడ్డ గురువు రింగులోకి తువ్వాలు విసిరితే ఆట ఆగిపోతుంది. ఓడినట్టే లెక్క, కానీ మనిషి మిగులుతాడు. ఆఖరి రౌండులో ఎజ్రా ఎడమ కన్ను పూడుకుపోయింది. కాళ్ళు తడబడుతున్నాయి. అయినా పడలేదు. ఒక్కసారి... ఒక్కసారి మాత్రం తల తిప్పి మూలకి చూశాడు. చూసింది మేస్టారి మొహాన్ని కాదు, ఆయన భుజం మీది తువ్వాలుని.

నరసింగరావుకి అర్థమైంది. చెయ్యి తువ్వాలు మీదికి వెళ్ళింది కూడా. వెనకనించి జనం “బండ! బండ!” అని ఊగిపోతున్నారు. ఆ చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది.

గంట మోగేదాకా ఎజ్రా నిలబడే ఉన్నాడు. తిరుగు బస్సులో మేస్టారి భుజం మీద, ఆ తువ్వాలు మీదే, తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చిలకపాలెం దాటాక లేపితే లేవలేదు.

తప్పెవరిదీ కాదన్నారు అంతా. ఆ మాటే నరసింగరావుని కొరుక్కుతింది. ఒక్కరైనా చొక్కా పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే ఆయనకి నిద్ర పట్టేదేమో. షెడ్డుకి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని, ఆ దారే మానుకున్నాడు. తువ్వాలు మాత్రం భుజం దిగలేదు.

ఒక సాయంత్రం ఎజ్రా తల్లి ఎలీసమ్మ భావనపాడు నించి బస్సెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మేస్టారూ, నా కొడుకు ఇంకా కొడతన్నాడంట గదా.”

నరసింగరావు మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు.

“పాస్టరుగారి సేత పార్థన సేయించినాను. ఆగనేదు. తువ్వాలు పడేదాకా ఆపొద్దని నువ్వే సెప్పినావు. నువ్వే ఆపాల.”

“ఎలీసమ్మా... నన్ను క్షమిం...”

“ఆ మాట తర్వాత. ముందు ఆడ్ని ఆపు బాబూ. ఎంత బండైనా సేతులు నొప్పెట్టవేటి?”

ఆ రాత్రి ఇద్దరూ నడిచే వెళ్ళారు. షెడ్డు మెట్టు మీద ఎలీసమ్మ కూలబడింది. “నాను లోపలికి రాను. నన్ను సూస్తే ఏడుస్తాడు,” అని గొణిగింది.

తుప్పు పట్టిన తాళం కిర్రుమంది. లోపల — ధబ్... ధబ్...

ఫోను లైటు వెయ్యడానికి నరసింగరావుకి ధైర్యం చాల్లేదు. వేస్తే ఆ పూడుకుపోయిన కన్ను కనిపిస్తుందేమోనని భయం. చిల్లుపడ్డ రేకులోంచి పడే వెన్నెల్లో బస్తా ఊగుతోంది. దాని ముందు ఎవరూ లేరు. కానీ దెబ్బ పడ్డప్పుడల్లా బస్తా లోపలికి నొక్కుకుపోతోంది... దుమ్ము రాలుతోంది... దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎవరో ముక్కుతో బుస్సుమని ఊపిరి వదులుతున్నారు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

తల తిప్పి మూలకి చూస్తున్నాడు... నరసింగరావుకి తెలిసిపోయింది. ఆ చూపు తన భుజం మీద ఆనింది. అప్పుడు చూసినట్టే.

ఈసారి చెయ్యి దిగలేదు. తువ్వాలు లాగి బలంకొద్దీ చీకట్లోకి విసిరాడు.

“సాలు నాయనా... సాలు. ఒగ్గెయ్.”

ఊగుతున్న బస్తా ఉన్నపళాన నిటారుగా నిలిచిపోయింది. ఊపిరి చప్పుడు లేదు. ఎక్కడో కీచురాయి మొదలెట్టింది.

నరసింగరావు ఏడుస్తూ బయటికొచ్చి తాళం వేశాడు. ఇన్నాళ్ళకి గుండె మీది బరువు దిగినట్టయింది.

“ఆగిపోనాడమ్మా. ఇసిరేసినాను.”

ఎలీసమ్మ చేతులు జోడించింది. ఆయన మొహం చూద్దామని ఫోను లైటు వేసి పైకెత్తింది. ఆ వెలుగు ఆయన భుజం దగ్గరే ఆగిపోయింది.

“ఇసిరేసినానన్నావు... మరిదేటి మేస్టారూ?”

తువ్వాలు. భుజం మీదే ఉంది, మడత కూడా చెదరలేదు. తాకి చూశాడు. తడి... వెచ్చగా, అప్పుడే ఎవరో చెమట తుడుచుకున్నట్టు.

తాళం వేసిన తలుపు వెనక — ధబ్.

ఎలీసమ్మ మళ్ళీ మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది. కొంగు తీసి, చాలా నెమ్మదిగా అంది —

“మళ్ళీ ఇసురు, బాబూ.”